నల్లమూత మీద బొట్టు

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: దేవుని గూటి ముందు వెంకటరత్నమ్మవ్వ, పొయ్యి దగ్గర ఆమె కోడలు మునిలక్ష్మి, ముందురోజు సాయంత్రం వెంకటగిరికోట నుంచి బస్సు దిగి ఇంకా తల దువ్వుకుంటూ కూర్చున్న కూతురు రేవతి, నడవలో ట్రాక్టరు హ్యాండిలుకు పట్టిన మట్టి గీకుతున్న కొడుకు నారాయణప్ప. నారాయణప్ప కూతురు కుసుమను ఈ లెక్కలో వేయడానికి లేదు. గురువారం నుంచి ఆమె బయట ఉంది. బయట అంటే పెరట్లోని రేకుల కొట్టం. అందులో ముప్పాతిక భాగం ట్రాక్టరుది. మిగిలిన మూల నెలకు మూడు రోజులు కుసుమది. ఒక చాప, ఒక దుప్పటి, ఒక చెంబు, ఒక సత్తు పళ్ళెం అక్కడే ఉంటాయి.

ట్రాక్టరు పాతది. పెట్రోలు మీద స్టార్టయి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే రకం. ఊళ్ళో అందరికీ డీజిలు బండ్లు వచ్చాక పుంగనూరు రోడ్డులో దీన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. నారాయణప్ప ఆ నవ్వులను పట్టించుకోడు. హ్యాండిలు ఒక తిప్పు తిప్పితే లేచే బండి అది, మొన్నమొన్నటి దాకా.

అవ్వ పూజ పళ్ళెంతో కొట్టంలోకి వచ్చింది. మూలన ఉన్న మనవరాలిని చూడనట్టే చూసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ట్రాక్టరుకు అటువైపునుంచి వెళ్ళింది. ఇంజను పక్కన పిడికిలంత నల్లమూత ఒకటి ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే వైరు దాని నడినెత్తిన దిగుతుంది. చుట్టూ ఉన్న నాలుగు బుడిపెల నుంచి నాలుగు వైర్లు నాలుగు ప్లగ్గులకు పోతాయి. ఎప్పుడో ఒక మెకానిక్ దాన్ని చూపించి, బండికి ప్రాణం ఇందులోనే ఉండాది పెద్దమ్మా అన్నాడట. అప్పటినుంచి అవ్వ ముందుగా బొట్టు పెట్టేది బానెట్టుకు కాదు, చక్రాలకు కాదు, ఆ మూతకే. నూనెలో కలిపిన పసుపు, దాని మీద నీళ్ళలో తడిపిన విభూతి మూడు గీతలు, నడుమ కుంకుమ. కర్పూరం తిప్పి, కళ్ళకద్దుకుని, "ఇంక తిప్పరా" అంది.

నారాయణప్ప హ్యాండిలు దూర్చి తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. దగ్గు కూడా రాలేదు. చొక్కా విప్పి చక్రం మీద వేసి తిప్పాడు. పెట్రోలు వాసన కొట్టమంతా నిండింది, చప్పుడు మాత్రం లేదు.

మృగశిర కార్తె వాన కురిసి చేను పదనుకు వచ్చి ఉంది. ఎండ గట్టిగా కాస్తే ఆ పదను నిలవదు. వేరుశెనగ విత్తనానికి చెనిక్కాయలు వలిచి, బస్తాలో కట్టి, నడవలో పెట్టి ఉన్నాయి. నారాయణప్ప ఒకసారి ఆకాశం చూశాడు, ఒకసారి ఇంజను చూశాడు.

అవ్వ మాత్రం నేల చూసింది. రాత్రి రేకుల సందు నుంచి కారిన వానకు కుసుమ చాప జరుపుకుంది. దుప్పటి అంచు వెనక టైరును తాకుతూ ఉంది.

"సూసినారా?" అంది అవ్వ. "బయటుండే పిల్ల దుప్పటి టైరుకు తగిల్నాక యాడ లేస్తాది బండి?"

రేవతి దువ్వెన చేత్తోనే పెరట్లోకి వచ్చింది. "పోయిన నెలలో కూడా ఇట్లనే నిలిచిపోయిందంటివి కదమ్మా?"

"నిలిచిపోయింది. అప్పుడూ ఇది బయటనే ఉండె."

పోయిన నెలలో కూడా ముందురోజు వాన పడింది. ఆ మాట కుసుమ గొంతులోకి వచ్చి అక్కడే ఆగింది. బడిలో కూడా అంతే. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. పక్క పిల్ల తప్పు చెప్పి కూర్చున్నాక లోపల్లోపల బాధపడుతుంది.

"దీన్ని నాతో పంపించెయ్యండి," అంది రేవతి. "వచ్చేవారం పట్టుపురుగులు తెచ్చుకుంటాండాం. ఆకు కోసేదానికి మనిషి లేక సస్తాండాం."

"పురుగులింట్లోకి బయటుండేవాళ్ళు పోకూడదు కదత్తా?" అంది కుసుమ, చాప మడుస్తూ, చాలా మెల్లగా.

"లోపలికి ఎవురు రమ్మనిరి? తోటలో ఆకు కోసేదానికి ఏం అంటుతాది?"

"బడో?"

"ఏం బడే?" అవ్వ అందుకుంది. "పదో తరగతి సదివి ట్రాక్టరు తోల్తావా? నువ్వు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఈ బండి తిరగదు. ఆదివారం నీళ్ళు పోసుకో, మధ్యాన్నం బస్సుకు మీ అత్త ఎంట పో."

సోమవారం బడి తెరుస్తారు. కుసుమ నాయన మొహం చూసింది. నారాయణప్ప హ్యాండిలు తీసి గోడకు ఆనించాడు.

"బండి లేస్తే సూద్దాం లేమ్మా," అన్నాడు.

లేవకపోతే కుసుమ అత్త వెంట పోవాల్సిందే.

కుసుమను ట్రాక్టరుకు దూరంగా గడ్డివామి వెనక్కి మార్చారు. ట్రాక్టరును కొట్టంలోంచి తోసి ఎండలో నిలబెట్టారు. మధ్యాహ్నానికి మదనపల్లె నుంచి ముక్తియార్ వచ్చాడు. పాత బండ్ల ఇంజన్లు చూసేవాళ్ళలో ఇంకా షెడ్డు మూయనివాడు ఆయనొక్కడే. గళ్ళ లుంగీ మోకాళ్ళ దాకా మడిచి, మునిలక్ష్మి ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి, స్పానర్ల సంచి నేలమీద పరిచాడు.

వామి పక్కనుంచి కుసుమకు అంతా కనబడుతోంది. ఆయన ఒక్కొక్క ప్లగ్గూ విప్పి కొనమీది మసి గీకాడు. మూతకు రెండు పక్కలా ఉన్న కొక్కేలు వదులు చేసి, దాన్ని వైర్లతో సహా పక్కకు వేలాడదీసి, లోపల నిప్పు పుట్టించే పాయింట్లకు అగ్గిపెట్టె గరుకు పక్క రుద్ది మెరుగు పెట్టాడు. మూతను పట్టుకున్నప్పుడు మాత్రం అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. వేడి గిన్నె పట్టుకున్నట్టు. ఎందుకో కుసుమకు అర్థం కాలేదు. తర్వాత ఒక ప్లగ్గు వైరును కటింగ్ ప్లేయరుతో పట్టి ఇంజను ఇనుముకు దగ్గరగా పెట్టి, "తిప్పప్పా" అన్నాడు. టక్కున నిప్పు దూకింది.

"కరెంటు బాగా వస్తాండాదే!" అన్నాడు ముక్తియార్. "పొద్దున యాల రాలేదు?"

ప్లగ్గులు బిగించి తిప్పితే బండి లేచింది. నల్లపొగ కక్కి, నాలుగు దెబ్బలూ సమంగా కొడుతూ పెరడంతా అదరగొట్టింది. అవ్వ వామి వైపు చెయ్యి చాచింది.

"సూసినారా? పిల్లను దూరం పెడితిమి, లేసింది. నేను సెప్తే ముసల్దాని మాట అంటారు."

లేచిన బండి ముందర ఎవరి మాటైనా నిజమే అనిపిస్తుంది. ఆ మధ్యాహ్నమంతా నారాయణప్ప చేను దున్నాడు. చీకటి పడేముందు బండి కొట్టంలోకి వచ్చింది. అవ్వ సంతోషం పట్టలేక దిష్టి తీసి, పొద్దుటికంటే ఎక్కువ విభూతి తడిపి, నల్లమూతకు నిండుగా పూసింది.

శనివారం పొద్దున బండి లేవలేదు.

నారాయణప్ప హ్యాండిలు తిప్పీ తిప్పీ అరచెయ్యి బొబ్బలెక్కించుకున్నాడు. అవ్వ వామి దగ్గరికి వచ్చి నడుము మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"రాత్రి కొట్టం తట్టుకు వస్తివా?"

"రాలే."

"వచ్చుంటావు."

"నేను యాడుండానో నువ్వే సూసినావు కదవ్వా," అంది కుసుమ. "నిన్న నేను దూరంగా ఉంటే లేసిందంటివి. ఈ పొద్దూ దూరంగానే ఉండాను. ఇప్పుడు యాల లేవలే?"

అవ్వ మనవరాలిని ఎగాదిగా చూసింది. ఎప్పుడూ లేనిది, కుసుమ తల దించలేదు.

"నోరు లేసిందే దీనికి!" అంటూ అవ్వ ఇంట్లోకి పోయింది.

ముక్తియార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కండెన్సరు మార్చాడు, కాయిల్ మార్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక బండి లేచింది. "కాయిలే పోయింటాది," అని నారాయణప్ప తేలికపడ్డాడు. గొర్రు తగిలించుకుని, వెనక విత్తనం వేసే ఆడవాళ్ళను పిలుచుకుని చేలోకి పోయాడు. చేలో నాలుగు సాళ్ళు పడ్డాయో లేదో సన్నగా తుంపర మొదలైంది. ఇంజను ఒక దెబ్బ తప్పింది, రెండు తప్పింది, చేను నడుమ నిలిచిపోయింది.

దాన్ని ఇంటికి చేర్చింది పక్కచేని సిద్దప్ప ఎద్దులు. మోకు కట్టి, ఎద్దులు ముందు, ట్రాక్టరు వెనక, స్టీరింగు పట్టుకుని తల వంచుకున్న నారాయణప్ప దాని మీద. ఊరు ఊరంతా వాకిళ్ళలోకి వచ్చింది.

"ఎద్దులకు బదులుగా ట్రాక్టరు కొనిరంట! మా ఎద్దులకు ఇప్పుడు పని రెండింతలాయె," అన్నాడు సిద్దప్ప. "కోప్పడొద్దప్పా నారాయణప్పా, నవ్వు ఆగలేదు. రేపు పొద్దున్నే నాగలి కట్టేదా? పదను పోతే మళ్ళీ వాన ఎప్పుడో ఏమో."

"రేపు సూద్దాం," అన్నాడు నారాయణప్ప.

రేవతి అప్పటికే కుసుమ గుడ్డలు ఒక సంచిలో సర్దింది. బడి యూనిఫారం పావడా ఓణీ మాత్రం సంచిలో పెట్టకుండా దండెం మీదనే వదిలేసింది. కిటికీ గుండా కుసుమ అది చూసింది. సంచి కన్నా దండెం మీద మిగిలిన ఆ గుడ్డలే ఆమెకు ఎక్కువ గుచ్చుకున్నాయి.

తుంపర ఆగలేదు. వామి వెనక తడిసిపోతుందని మునిలక్ష్మి అత్తకు చెప్పకుండా కూతురిని కొట్టంలోకి తెచ్చి పాత మూలలోనే చాప పరిచింది. "ఎట్లనూ లేవని బండే కదా, నువ్వుంటే ఏం, లేకుంటే ఏం," అని గొణిగి వెళ్ళిపోయింది.

పొద్దు గుంకుతోంది. కొట్టంలో మసక. నారాయణప్ప హ్యాండిలు దగ్గర, సాయంత్రం బస్సు ఎక్కకుండా ఆగిపోయిన ముక్తియార్ ఇంజను పక్కన.

"ఒక్కసారి తిప్పప్పా."

నారాయణప్ప తిప్పాడు. మూలన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్న కుసుమకు ఒకటి కనబడింది. నల్లమూత మీద, తడిసిన కుంకుమ పక్కగా, సన్నటి నీలి దారం ఒకటి పాకి, కొక్కెం మీదుగా ఇనుములోకి దిగి మాయమైంది. నారాయణప్ప మళ్ళీ తిప్పాడు. మళ్ళీ నీలి దారం. విభూతి గీతలు పట్టుకుని, గోడమీద తేలుపిల్ల పోయినట్టు పోయింది. ముక్తియార్ కూడా చూశాడు. చూసి, చూపును గబుక్కున ప్లగ్గు మీదికి మార్చుకున్నాడు. అది కూడా కుసుమకు కనబడింది.

నారాయణప్ప లాంతరు తేవడానికి ఇంట్లోకి వెళ్ళాడు.

మాట్లాడాలంటే ఇప్పుడే. కుసుమ ఓణీ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"మామా."

ముక్తియార్ ఉలిక్కిపడి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల తనను పిలవడం అదే మొదలు.

"ఆ మూత మీద నీలంగా పాకతాండాది."

ఆయన స్పానరును గుడ్డతో తుడవసాగాడు. తుడిచిందే తుడిచాడు.

"కనబడిందా పాపా?"

"మీకూ కనబడింది."

"నిన్ననే అనుమానం వచ్చింది," అన్నాడు ముక్తియార్ చివరికి, గొంతు తగ్గించి. "నూనె, ఇబూది, కుంకం. ఏండ్లుగా పొర మీద పొర. ఎండకాలం ఎండిపోయి ఉంటే ఏం కాదు. తడి తగిలితే కరెంటు ప్లగ్గుకు పోకుండా దాని మీదనే పాకి ఇనుములోకి దిగిపోతాది. మధ్యాన్నం ఎండకు ఆరితే లేస్తాది. నేను వచ్చేది మధ్యాన్నం బస్సుకు కదా. నేనుండంగా తిప్పితే లేస్తాది, పొద్దున మీ నాయన తిప్పితే లేవదు."

"తుడిస్తే?"

"తుడిస్తే సరిపోతాది."

"మరి తుడవండి."

ముక్తియార్ నవ్వాడు, కానీ ఆ నవ్వుకు చప్పుడు లేదు. "నేను యట్ల తుడిచేది పాపా? మీ అవ్వ దేవునికని పెట్టిన బొట్టు. దాన్ని నేను నా చేత్తో తుడిస్తినని రేపు ఎవురో ఒకరు బస్టాండులో అంటారు. మీ నాయన అనడు. మీ అవ్వా అనదేమో. ఇరవై ఏండ్లుగా మీ ఇంట్లో మజ్జిగ తాగతాండాను. అయినా కాలం ముందు మాదిరి లేదమ్మా."

"నాయనకు చెప్పి ఉంటే?"

"ఈ మూత మార్చాల, బెంగుళూరులో అడగాల అని చెప్పినా. కొత్తది వస్తే పాతదాంతో పాటు బొట్టూ పోతాదని నా లెక్క." ఆయన తల గోక్కున్నాడు. "మీ అవ్వ కొత్తదానికి ఇంకా పెద్ద బొట్టు పెడతాదని అప్పుడు తోచలే."

కుసుమకు నవ్వు వచ్చింది. ముక్తియార్ కూడా ఈసారి నిజంగానే నవ్వాడు. నడవలో అడుగుల చప్పుడు వినబడగానే ఇద్దరూ నవ్వు ఆపేశారు. ఆయన సంచి మడుచుకుని, ఆఖరి బస్సుకు టైమయిందని వెళ్ళిపోయాడు. వెళ్తూ, పెట్రోలులో తడిపిన గుడ్డముక్క ఒకటి మడ్‌గార్డు మీద వదిలేశాడు. మరిచిపోయాడో, కావాలనే వదిలాడో కుసుమకు తెలియలేదు.

ఆమె చాప మీద పడుకుని ఆ మూతనే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో దాన్ని తుడవగల చెయ్యి ఒక్కటి లేదు. అవ్వది పెట్టిన చెయ్యి. నాయనది అమ్మకు ఎదురుచెప్పని చెయ్యి. ముక్తియార్ మామది భయపడే చెయ్యి, ఆ భయానికి కారణం ఆయన కాదు. తన చేతిని మాత్రం అందరూ కలిసి ముందే తీసి బయట పడేశారు. బండి చెడింది ఈ చేతివల్లే అని తేల్చేశారు. అయితే ఇంకా తేల్చడానికి ఏం మిగిలింది?

ఆదివారం తెల్లవారింది, ఎండ రాలేదు. మబ్బు ఇంటికప్పుల మీదే కూర్చున్నట్టుంది. పెరట్లో మూడు రాళ్ళ మీద కుసుమ తలస్నానానికి నీళ్ళకాగు ఎక్కించారు. కంది కట్టె చిటపటమని కాలుతోంది. నారాయణప్ప హ్యాండిలు తిప్పుతున్నాడు. ఒకసారి తిప్పి, కాసేపు నిలబడి, మళ్ళీ తిప్పుతున్నాడు. సిద్దప్ప ఎద్దులను తోలుకొచ్చి దొడ్డివాకిట్లో నిలబెట్టాడు. రేవతి సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది.

అవ్వ పూజ పళ్ళెంతో వచ్చింది. "కొత్తగా పసుపు పెడతానుండు. పిల్ల పోతాండాది కదా, ఇంక లేస్తాది."

ఆమె చెయ్యి మూత వైపు పోయేలోగా కుసుమ లేచి ట్రాక్టరుకూ అవ్వకూ నడుమ నిలబడింది.

"పెట్టొద్దవ్వా."

"మళ్ళీ కొట్టంలోకి వస్తివా? పక్కకు పో. ఇంకా నీళ్ళు పోసుకోలే నువ్వు."

"పోసుకోలే. అందుకే నేనే తుడస్తా."

ఏం తుడుస్తుందో అవ్వకు అర్థమయ్యేలోగా కుసుమ మడ్‌గార్డు మీది గుడ్డ అందుకుంది. కొక్కేలు రెండూ వెనక్కి నెట్టింది. మూత ఊడి చేతిలోకి వచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. వైర్లు అట్లాగే ఉంచి తుడవడం మొదలుపెట్టింది. ముందు మొన్నటి కుంకుమ తడితడిగా వచ్చింది. దాని కింద విభూతి ముద్ద. దాని కింద పసుపు, నూనెతో గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. దాని కింద మళ్ళీ ఎరుపు. ఎన్ని శుక్రవారాలో.

"అయ్యో, అయ్యో!" అవ్వ చేతిలో పళ్ళెం గలగలలాడింది. "ముట్టుచేత్తో బొట్టు తుడిసేస్తాండాది! ఒరే నారాయణా, సూస్తా నిలబడుకోనుండావేమిరా?"

నారాయణప్ప చెయ్యి ముందుకు వచ్చింది. కుసుమ తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చెయ్యి గాలిలో ఆగి, వెనక్కిపోయి, హ్యాండిలు మీద పడింది.

"ఇది తడిస్తే కరెంటు దీనిమీదనే పాకతాండాది నాయనా. ప్లగ్గుకు పోవడంలే," అంది కుసుమ చెయ్యి ఆపకుండా. "నిన్న సాయంత్రం నేను సూసినా."

"ఆ సాయిబు చెప్పినాడా నీకు?" అంది అవ్వ.

"ఎవురూ చెప్పలే. నేనే సూసినా."

మూత లోపలి తేమ గుడ్డతో పోలేదు. కుసుమ కాగు దగ్గరికి పోయి, పొయ్యిలోంచి వేడి బూడిద కర్రతో లాగి, పాత గుడ్డలో మూటకట్టి తెచ్చింది. జలుబు చేసిన పసిబిడ్డ రొమ్ముకు కాపడం పెట్టినట్టు ఆ మూటను మూత చుట్టూ, బుడిపెల సందుల్లో, లోపలి వైపు ఒత్తుతూ పోయింది. మబ్బు పట్టిన వెలుతురులో మూత కొత్త పలకలా నల్లగా బయటపడింది. సిద్దప్ప ఎద్దులను వదిలేసి దగ్గరికి వచ్చాడు. మూత తిరిగి పెట్టి, కొక్కేలు ఎక్కించింది.

"తిప్పు నాయనా."

నాయనకు ఆమె పని చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నారాయణప్ప తిప్పాడు.

చప్పుడు లేదు.

"సూడు!" అంది అవ్వ. "సూడండి అందరూ! ఉన్నది పోగొట్టె!"

కుసుమకు పారిపోవాలనిపించింది. కానీ వంగి మూతను చేత్తో కదిపింది. కదిలింది. ఒక కొక్కెం సరిగ్గా గాడిలో పడలేదు. బొటనవేలితో బలంగా నొక్కితే గోరు విరిగింది, కొక్కెం టిక్కుమని కూర్చుంది.

"ఇంకొకసారి," అంది.

నారాయణప్ప కాలు గట్టిగా ఆనించి తిప్పాడు. ఇంజను దగ్గింది. దగ్గి, ఇంకోసారి దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. రేకులు అదిరాయి. కాగు దగ్గరి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. కుసుమ చెయ్యి ఇంజను మీదే ఉంచి దెబ్బలు వింది. నాలుగూ కొడుతున్నాయి. ఒక్కటీ తప్పడం లేదు.

"లేసిందప్పా!" అని అరిచాడు సిద్దప్ప. "మా ఎద్దులకు ఆదివారం సెలవు ఇప్పించె పాప!"

నారాయణప్ప సీటు ఎక్కి కూర్చున్నాడు. రేవతి సంచి భుజానికి తగిలించుకుని కిందికి దిగింది.

"సరే, బండి లేసింది కదా. పిల్లను తలకు పోసుకోమనండి. బస్సు టైమయితాది."

"చేన్లో తుంపర పడితే మళ్ళీ తడుస్తాది," అన్నాడు నారాయణప్ప. ఇంజను చప్పుడుకు మించి గొంతు పెట్టి అరవాల్సి వచ్చింది కాబట్టి ఊరంతటికీ వినబడింది. "తుడిచేది యట్లనో దీనికే తెలుసు. ఈ పొద్దు నాతో వస్తాది. రేపు బడికి పోతాది."

"మరి మా ఆకు?"

"నువ్వూ మీ ఆయనా ఉండారు కదమ్మా, కోసుకోండి."

రేవతి తల్లి వైపు చూసి, సంచి మళ్ళీ అరుగు మీద పెట్టింది. వంటింటి కిటికీలోంచి మునిలక్ష్మి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. అందులో ఉతికి మడిచిన పాత నూలు చీర ముక్క. "ఇది తీసుకో. ఇదైతే తడి బాగా పీలుస్తాది," అంది. ఈ మూడు రోజుల్లో అందరి ముందూ ఆమె మాట్లాడిన మాట అదొక్కటే.

కుసుమ ఆ గుడ్డ కోసం ఇంటి వైపు వచ్చింది. పెరటి గడపలో అవ్వ నిలబడి ఉంది. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. దగ్గరగా చూస్తే అవ్వ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బండి బాగుండాలనే కదే నేను పెట్టింది?"

"అవునవ్వా. బానెట్టుకు పెట్టు. ఇంకా పెద్దగా పెట్టు. ఆ మూతకు మాత్రం వద్దు."

"నాకు చెప్పేదానివయితివి." అవ్వ గొంతు మళ్ళీ గట్టిపడింది. "బయట ఉండి బండి ముట్టుకుంటివి, బొట్టు తుడిస్తివి. బండి లేసిందని అదంతా లేకుండా పోతాదా? నీళ్ళు కాగినాయి. తలకు పోసుకుని లోపలికి రా. పోసుకోకుండా చేన్లో అడుగుపెడితే ఈ గడప తొక్కొద్దు."

కాగులో నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. వాకిట్లో ట్రాక్టరు నిలబడి ఉంది. గొర్రు తగిలించి, విత్తనం బస్తా మడ్‌గార్డు మీద కట్టి, నారాయణప్ప వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఆకాశం ఇంకా నల్లబడుతోంది.

"సాయంత్రం పోసుకుంటానవ్వా," అంది కుసుమ. "పెద్ద వాన పడితే పదను ఆగదు."

ఆమె చీర ముక్క భుజాన వేసుకుని తిరిగింది. అవ్వ తలుపు విసురుగా మూసి, లోపల గడియ పెట్టింది. ఆ చప్పుడు కుసుమకు వీపు వెనకనుంచి వినబడింది.